గడప నుంచి గడపకు పదకొండు అడుగులు

నా మనవరాలిని తొట్టెలో వేసే రోజున, ఉయ్యాల చీరకు ముడి వేస్తుండగా ఫోను వచ్చింది. పక్క ఖోలీ గదిలో ఉండే మేస్త్రి చనిపోయాడని. మహబూబ్‌నగర్ దగ్గర చెల్లెలింటికి వెళ్లినవాడు అక్కడే నిద్రలో పోయాడు. పాప పుట్టిన సంతోషం లాంటిది నా డెబ్బై ఏళ్లలో ఎరగను. ఎవరికి ముందుగా పరుగెత్తుకెళ్లి చెప్పాలో ఆయన తలుపుకే తాళం ఉంది.

కామాటిపురాలోని మా గదుల వరస చాలీలో సగం మందిని ఇళ్లు కట్టే పనికి మా ఊళ్ల నుంచి పట్టుకొచ్చింది ఆయనే. నన్నూ ఆయనే తెచ్చాడు. అయినా బయటివాళ్లను రానివ్వకూడదనే పార్టీ జెండా ఆయన తలుపు మీద ఉండేది. నా ఓటు ఎప్పుడూ దాని ఎదుటి పార్టీకే. రోజూ సాయంత్రం గదుల ముందరి గ్యాలరీలో చాయ్ తాగుతూ ఇదే తగువు.

"అన్నా, మనం గూడ మూట నెత్తిన పెట్టుకొనే గ్రాంట్ రోడ్ల దిగినం గద. మనల్ని ఆపుతే ఏమవుతుండె?"

"మనం దేశం దాటి రాలే తమ్మీ. పొద్దుగాల నాకా అడ్డ మీద కూలీలతోని నిలబడి చూడు. కొత్తోడు వచ్చినప్పుడల్లా పాతోని కూలి దిగుతది. ఇంటికి తలుపెందుకు పెట్టుకుంటం?"

"కొట్టినోనికి తీయనీకే."

"ఎవడని అడిగినంకనే."

ఏనాడూ ఎవరమూ గెలవలేదు. ఆయన చెప్పే నాకా కూలీల బాధ నిజమేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు ఒప్పుకోలేదు.

జేబులో టేపు ఉన్నా దేన్నయినా అడుగులతోనే కొలిచేవాడు. ఆయన గడప నుంచి నా గడపకు పదకొండు అడుగులు. "కొలవంది చెప్ప" అనేది ఆయన మాట.

నా బిడ్డ బెంగాల్‌లోని మాల్దా నుంచి వచ్చిన ప్లాస్టర్ పనివాణ్ణి ఇష్టపడి చేసుకుంది. పెళ్లి భోజనం చేసి చేయి కడుక్కుంటూ మేస్త్రి నాతో, "పనిమంతుడే. ఏడికెల్లి వచ్చిండో నువ్వు చూసినవా?" అన్నాడు. నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను.

పోయిన ఏడు, బెంగాల్ సరిహద్దు దాటి వచ్చినవాళ్లను వెతుకుతున్నామంటూ అల్లుణ్ణి పని దగ్గర నుంచే ఠాణాకు తీసుకెళ్లారు. కార్డులు చూపించాం. ఇవి ఎవరైనా చేయించుకుంటారన్నారు. ఊరి నుంచి పాత కాగితాలు రాకపోతే, ఇక్కడి పేరున్నవాడెవడైనా పూచీ పడకపోతే, అటువైపు పంపేస్తారట. నా బిడ్డకు అప్పుడు మూడో నెల.

సిగ్గు విడిచి మేస్త్రి తలుపు కొట్టాను. "అన్నా, నువ్వు ఒక్క మాట చెప్పు. నీ మాట వింటరు."

"చూడంది చెప్ప తమ్మీ."

తిరిగి వచ్చేశాను. ఆ రాత్రి ఆయన్ని ఎన్ని మాటలనుకున్నానో ఇక్కడ రాయలేను. తెల్లారి చూస్తే ఆయన తలుపుకు తాళం.

ఎనిమిదో రోజున వాచిన కాళ్లతో వచ్చాడు. బెంగాలీ ముక్క రాదు, జనరల్ పెట్టెలో ఒక్కడే మాల్దా పోయి వచ్చాడు. చేతిలో పంచాయతీ కాగితం, అల్లుడి తాత పేరున్న పాత భూమి పత్రం. తన పార్టీ కరపత్రం వెనక పెన్సిలుతో ఒక ఇల్లు, ఒక చెరువు, సరిహద్దు కంచె గీసుకొచ్చాడు.

"వాళ్లమ్మ గడప కాన్నుంచి జవాన్లు ఆపినదాంక నడిచిన. ఏడు వేల చిల్లర అడుగులు. ఇల్లు మనదిక్కే. ఇగ సంతకం ఏడ పెట్టాలె?"

మూడో రోజున అల్లుడు ఇంటికొచ్చాడు. మా బిడ్డ చాయ్ తెచ్చి ఇస్తుంటే నేను నవ్వుతూ అన్నాను. "ఇప్పుడన్న జెండా తీస్తవా అన్నా?"

"ఎందుకు? ఇటోడని తేలింది. అటోడైతే పంపుమని నేనే అందును."

"అటోడైతే నేను గూడ ఎంబడి పోదును పెద్దనాయనా," అంది మా బిడ్డ.

 ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, తన గడప దాకా అడుగులు లెక్కపెట్టకుండానే వెళ్లిపోయాడు. జెండా మాత్రం తీయలేదు. మర్నాడు సాయంత్రం మళ్లీ తగువుకు దిగాం.

పాపకు ఇప్పుడు నాలుగో నెల. దాని బోసి నవ్వు చూస్తే నాకు ఇంకో జన్మ ఎత్తినట్టుంది, చాలీలో ప్రతి గుమ్మంలోనూ చూపించి వస్తున్నాను. పిల్లలంతా మరాఠీలోనో హిందీలోనో ముద్దు చేస్తారు. అల్లుడు మంచివాడు, నేనేమన్నా తలూపుతాడు. కాదనేవాడే లేడు. రెండు గ్లాసుల చాయ్ పోసి, ఒకటి తిరిగి గిన్నెలో వంపుకున్న రోజులున్నాయి.

సాయంత్రమైతే పాపను భుజాన వేసుకుని ఆయన తలుపు దాకా నడుస్తాను. నా అడుగుల్లో పదమూడు పడుతున్నాయి. వెలిసిపోయిన ఆ జెండా అంచును పాప గుప్పిట పట్టుకుంటుంది, ఒక పట్టాన వదలదు. మెల్లగా దాని వేళ్లు విప్పి, మళ్లీ పదమూడు అడుగులు వెనక్కి నడుస్తాను.