రెండు కొసల అబద్ధం

బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన ఆ పెద్దమనిషికి ఇంట్లో రెండే వస్తువులంటే గౌరవం. ఒకటి తన పెన్ను, రెండోది పొద్దున్నే గుమ్మం ముందు పడే పేపర్లో ఆరో పేజీ. మొదటి పేజీలో లోకం మునిగిపోయినా ఆయనకు పట్టేది కాదు. ఆరో పేజీ కింది మూలన గళ్ళనుడికట్టు ఉంటుంది. అది పూర్తయ్యేదాకా పేపరు మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు, భార్య చెయ్యి అసలే పడకూడదు. వీధిలో అందరూ ఆవిడను ఇన్‌స్పెక్టరమ్మ అనేవారు. ఆ పిలుపులో ఉన్న మర్యాదలో పిసరంత కూడా ఆ ఇంట్లో ఆవిడకు దక్కలేదు.

ఆ నుడికట్టు కూడా అల్లాటప్పాది కాదు. రోజూ అందులో నాలుగైదు పెద్ద మాటలుంటాయి, వాటన్నిటినీ కలిపే సంగతి ఒకటి లోపల దాగి ఉంటుంది. ఒకరోజు అన్నీ దర్జీ కొట్టులో సామాన్లు, ఇంకోరోజు అన్నీ వానకు సంబంధించినవి. ఆ దాగిన సంగతిని ఆయన దారం అనేవాడు. దారం చేతికి చిక్కగానే ఆ గంటు ముఖం కాస్తా విప్పారేది. "ఎంత బాగా కూర్చాడు మహానుభావుడు" అంటూ, ఎన్నడూ కళ్ళ చూడని ఆ మనిషిని తలచుకుని గోడకేసి తల ఊపేవాడు. కట్టుకున్నదాన్ని ఒక్కనాడైనా అలా మెచ్చుకున్న పాపాన పోలేదు.

ఆవిడతో ఆయన ఆడుకునే ఆట వేరే ఉంది. కాఫీ తాగుతూ ఒక ఆధారం పైకి చదివి, చెప్పు చూద్దాం అనేవాడు. ఎవరైనా ఇంటికొచ్చి ఉంటే తప్పకుండా చదివేవాడు. ఆవిడ ఏదో ఒకటి అనేది. ఆయన పెన్నుతో బల్ల మీద కొట్టి, గళ్ళెన్నో లెక్కపెట్టుకుని నోరు తెరువు, మొద్దూ అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వాలో మానాలో తెలియక కప్పులోకి చూసుకునేవారు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఇందాక కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడిగేది.

ఇదంతా ఆవిడ మరిచిపోయేదేమో. మరవలేనిది ఒకటుంది. ఒకరోజు తెల్లవారుతూనే ఆవిడ తమ్ముడు రొప్పుకుంటూ వచ్చాడు. అమ్మకు ఊపిరి అందడం లేదు, ఉన్నపళంగా బయల్దేరమన్నాడు. ఇన్‌స్పెక్టరు తల ఎత్తలేదు. రెండు మాటలే మిగిలాయి, కూర్చోమన్నాడు. కూర్చోబెట్టి ఊరుకున్నా బాగుండేది. మిగిలిన ఆధారాల్లో ఒకటి బావమరిదికే చదివి వినిపించి, చెప్పు చూద్దాం అన్నాడు. వాడు ఏడవలేక నవ్వాడు. ఆయన లేకుండా గుమ్మం దాటే ధైర్యం అప్పట్లో ఆవిడకు లేదు. ముగ్గురూ వెళ్ళేసరికి తల్లి కళ్ళు ఎవరో మూసేశారు. బస్సులో దారి పొడుగునా ఆయన ఆనాటి దారం గురించే చెప్పాడు. పెద్ద మాటలన్నీ ప్రయాణానికి సంబంధించినవేనట. సరిగ్గా ఇవాళే పడింది చూశావా అని మురిసిపోయాడు. ఆవిడ ఆయనను క్షమించలేదు, లేచి వెళ్ళలేకపోయిన తననూ క్షమించుకోలేదు.

రిటైరైన కొన్నాళ్ళకు ఆయన కంటి నరాలు ఎండిపోవడం మొదలైంది. చూపు అంచుల నుంచి తగ్గుతూ తగ్గుతూ వచ్చి, చివరికి వెలుతురుందో లేదో మాత్రం తెలిసేంత మిగిలింది. కింద మెడికల్ షాపాయన రోజూ సగం నింపిన తన పేపరు పట్టుకుని పైకి వచ్చి సందేహాలు తీర్చుకునేవాడు. ఇక రావద్దని ఆయనకు చెప్పమని ఇన్‌స్పెక్టరు భార్యను ఆదేశించాడు. తన అవస్థ పరాయివాడి కంట పడటం ఇన్‌స్పెక్టరుకు చావుతో సమానం. అలా పేపరు మొదటిసారి ఇన్‌స్పెక్టరమ్మ చేతికి వచ్చింది. ఆవిడ ఆధారం చదివి గళ్ళెన్నో చెబుతుంది, ఆయన జవాబు చెబుతాడు, ఆవిడ రాస్తుంది. అక్షరాలు బాగా లేవని చూడకుండానే తిట్టేవాడు.

మొదటి తప్పు నిజంగా తప్పే. అందరూ బయటికెళ్తే ఇంటిని చూసుకునేది అని ఆధారం. నల్లగడి మీద సిరా చెరిగి ఉంటే ఆవిడ దాన్నీ కలిపేసి ఐదు గళ్ళంది. ఆయన తాళంకప్ప అని, అది నాలుగే కదా అని ఆగిపోయాడు. ఎంత గింజుకున్నా ఇంకో మాట తట్టలేదు. ఆ ముఖంలో భయం లాంటిది కదలడం ఆవిడ చూసింది. మధ్యాహ్నం మళ్ళీ చూస్తే నాలుగు గళ్ళే, ఆయన చెప్పిందే సరి. చెబుదామని గదిలోకి వెళ్ళింది. ఆయన అలికిడి విని, నువ్వు చదివే తీరుకు మెదడు మొద్దుబారిపోతోంది అన్నాడు. ఆవిడ చెప్పకుండా వెనక్కి వచ్చి, చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తింది.

మర్నాడు పేపర్లో జవాబులు పడ్డాయి. నిన్నటిది ఏమిటని ఆయన ఆత్రంగా అడిగాడు. పెంపుడుకుక్క అని చదివింది, లేనిది ఉన్నట్టుగా. ఆయన పొద్దుగూకేదాకా ఆ మాటే గొణుక్కుంటూ నుదురు కొట్టుకున్నాడు.

ఇక చెయ్యి తిరిగింది. అన్నీ మార్చేది కాదు, పూటకు ఒకటీ రెండూ, అవీ మధ్యలోవి. నాలుగుంటే ఐదనేది, మూడుంటే నాలుగనేది. మాటలు ఒకదాన్నొకటి దాటే చోట ఏ అక్షరం పడిందో చెప్పాల్సిందీ ఆవిడే. ఒకటి చెడితే దాని పక్కవి చెడేవి, దారం తెగిపోయేది. దారం దొరకని రోజు ఆయన అన్నం కెలికి వదిలేసేవాడు. ఆవిడ అబద్ధం ఆడగలదన్న ఊహే ఆయనకు రాలేదు. దానికి తెలివి కావాలి కదా.

తర్వాత ఆవిడ ఆయనను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఈమధ్య మాటలు దొరకడం లేదండీ అని ఎంతో దిగులుగా చెప్పింది. తారీకెంత అని డాక్టరు అడిగితే ఆయన ఒంటికాలి మీద లేచి, ఆ కోపంలో తప్పు చెప్పాడు. వయసు మీద పడ్డాక కాస్త మరుపు మామూలేనని, ఎందుకైనా మంచిదని మాత్రలు రాశాడు డాక్టరు. ఆవిడ వాటిని కింది షాపులోనే కొని, ఎందుకో కూడా చెప్పింది. షాపాయన అయ్యో అన్నాడు. అంతటి మనిషి రోజూ పొద్దున చెయ్యి చాపి మాత్ర అడిగి వేసుకునేవాడు.

అత్యాశ ఎవరినైనా చెడగొడుతుంది, ఆవిడనూ చెడగొట్టింది. ఒకరోజు మొదటి అడ్డం మాటకే గళ్ళు మార్చి చెప్పేసింది. కిందిదాకా వచ్చి ఆఖరు అడ్డం ఉన్నదున్నట్టు చదివింది. ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు.

"మొదటి అడ్డం ఎన్ని గళ్ళన్నావు?"

"ఐదండీ."

"ఆఖరుది?"

"నాలుగు."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. చూపు పోయాక అలా నవ్వింది లేదు. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, తొడ మీద చరుచుకున్నాడు. తన బుర్ర తనకు దొరికిన సంతోషం అది.

"ఈ నుడికట్టును తలకిందులు చేసి పట్టుకున్నా అదే బొమ్మే మొద్దూ. మొదటిది ఎంతో ఆఖరుదీ అంతే ఉండాలి. ఇన్నేళ్ళు నా పక్కన ఉండి అదైనా చూసుకోలేదు. అబద్ధం ఆడితే రెండు కొసలా ఆడాలి. నీకు అదీ చేతకాలేదు."

ఆవిడ పేపరు మడిచింది. తిడతాడనుకుంది, కొడతాడేమో అని కూడా అనుకుంది. ఎందుకు చేశావని అడుగుతాడని మాత్రం గట్టిగా అనుకుంది. అడిగితే చెప్పడానికి తమ్ముడి రొప్పు, బస్సు, మూసిన కళ్ళు అన్నీ నోటి దాకా వచ్చి ఉన్నాయి. ఆయన అడగలేదు. ఆ మాత్రలు పారెయ్యమని చెప్పి, కాఫీ చల్లారిందని విసుక్కుని, ఆ పూటంతా ఈల వేసుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు ఆయన లేవకముందే పేపరు వచ్చింది. ఆవిడ వంటింటి గట్టు మీద ఆరో పేజీ పరిచి, దాన్ని తలకిందులు చేసింది. నిజమే, నల్లగళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. మళ్ళీ తిప్పింది, మళ్ళీ అంతే. ఇంత అందమైనది ఇన్నేళ్ళూ తన చేతికి అందకుండా పోయిందని ఆవిడకు ఏడుపొచ్చింది. ఎంత బాగా కూర్చాడు మహానుభావుడు అనుకుంది. ఆపైన ఆయన చొక్కా జేబులోంచి పెన్ను తీసుకుని, పై నుంచి ఒక మాట, కింది నుంచి దాని జత, వరుసగా రెంటి పక్కనా ఒకే కొత్త అంకె వేసుకుంది.

ఆయన హుషారుగా వచ్చి కూర్చున్నాడు. గోడ మీద నడిచేది, గడప దాటనిది అని ఆవిడ చదివింది. గడియారం అన్నాడు.

"ఐదు గళ్ళండీ."

ఆయన పెదవి విరిచి నవ్వాడు. ఆఖరు అడ్డం ఎన్నో చెప్పమన్నాడు. ఐదంది. రెండో వరుసలో మొదటిది అడిగి, కింది నుంచి రెండో వరుసలో చివరిది అడిగాడు. రెండూ సరిపోయాయి. ఇంకో జత అడిగాడు, ఇంకోటి అడిగాడు. ఎటు నుంచి అడిగినా ఆవిడ తడుముకోకుండా చెప్పింది, అన్నీ అతికినట్టు సరిపోయాయి. ఆయన చెయ్యి చాపి పేపరు మీద వేళ్ళతో తడిమాడు. అచ్చు వేళ్ళకు అందుతుందా.

"నిజం చెప్పు. అబద్ధమాడుతున్నావు కదూ?"

"నాకది చేతకాదని మీరే అన్నారుగా."

ఆయన పెదవులు కదిలిస్తూ వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టుకున్నాడు, మధ్యలో లెక్క తప్పి మొదటి నుంచి మొదలుపెట్టాడు. పాపం అనిపిస్తుందేమో అని ఆవిడ కాసేపు చూసింది. అనిపించలేదు.

"ఆ మాత్రలు పారేశావా?" అన్నాడు చివరికి.

"లేదండీ, ఉన్నాయి."

ఆయన అరచెయ్యి చాపాడు. ఆవిడ మాత్ర అందులో పెట్టి, నీళ్ళ గ్లాసు ఇంకో చేతికి అందించి, ఆయన మింగేదాకా ఆగి, రెండో ఆధారం చదివింది.