పెద్ద సిస్టరు వార్డులో నేరస్తులు

పెద్ద సిస్టరు ఏ రోగినీ పేరు పెట్టి పిలవదు, నేరం పెట్టి పిలుస్తుంది. మాత్రలు మింగకుండా దిండు కింద దాచే ముసలాయన ఆమెకు దొంగసరుకు వ్యాపారి. దగ్గి దగ్గి పక్కవాళ్ళ నిద్ర చెడగొట్టే టైలరు హంతకుడు. పాలగ్లాసు చూడగానే మూతి ముడుచుకునే పంతులమ్మ కిరాయి హంతకురాలు. నా ప్రాణం తీయడానికి నీకు కిరాయి ఎవరిస్తున్నారని సిస్టరు రోజూ నిలదీస్తుంది.

అది మామూలు వార్డు కాదు. అక్కడికి వచ్చినవాళ్ళు నడిచి ఇంటికి వెళ్ళడం అరుదు. ఆ వారంలోనే మూడు మంచాలు ఖాళీ అయ్యాయి. అలాంటి చోట పొద్దున్నే "ఏరా హంతకుడా, ఇంకా బతికే ఉన్నావా?" అని వినిపించేసరికి కొత్త డాక్టరుకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన వేరే దేశం మనిషి. మన భాషను పుస్తకాల్లో నేర్చుకుని, కుర్చీని కూడా మీరు అనేంత మర్యాద వంటబట్టించుకున్నాడు. వాళ్ళ దేశంలో మనిషి పేరు పక్కన హంతకుడన్న మాట చేర్చే హక్కు కోర్టుకే ఉంది. ఒకసారి చేరిందంటే మనవలు కూడా ఇంటిపేరు మార్చుకుని ఊరు వదిలిపోవాల్సిందే. ఆ సంగతి చెప్పి మందలిస్తే, సిస్టరు ఆయన టీ కప్పు మీద బొమ్మ ఏమిటని అడిగింది. తమ ఊరి బంతాట జట్టు గుర్తు అన్నాడు. జట్టు పేరేమిటంది. ఆయన కాసేపు నసిగి, బందిపోట్లు అన్నాడు.

"మీకు బందిపోటంటే గోలు కొట్టేవాడు. మాకు దొంగంటే ఒళ్ళో కూర్చునే పిల్లవాడు. ఎవరి ముద్దు వాళ్ళది బాబూ," అని సిస్టరు సెలైన్ సీసా మార్చడానికి వెళ్ళిపోయింది.

డాక్టరుకు అది పొగరుగా తోచింది. సూపరింటెండెంటుకు ఫిర్యాదు రాశాడు. హుకుం వచ్చింది: సోమవారం నుంచి అందరినీ కేసు షీటులోని పూర్తి పేరుతో పిలవాలి. ఒక్కసారి తప్పినా సిస్టరు వార్డు వదిలి సామాన్ల గదికి మారాలి.

సోమవారం సిస్టరు బుద్ధిగా పేర్లు చదివింది. టైలరు తన పూర్తి పేరు విని, రిపోర్టులో ఏదో చెడ్డ కబురు వచ్చిందనుకుని గుండె పట్టుకున్నాడు. పంతులమ్మ మారుమాట్లాడకుండా పాలు తాగేసింది. అది చూసి డాక్టరుకే భయమేసింది.

ఆరో మంచం దగ్గర సిస్టరు ఆగిపోయింది. అక్కడి బక్కమనిషికి రెండు వారాలకు మించి గడువు లేదని డాక్టరుకు తెలుసు. సిస్టరు అతన్ని పంచదార దొంగ అంటుందని తెలుసు. పక్కన ఎప్పుడూ కూర్చుని ఉండే తమ్ముణ్ణి కూడా తెలుసు. పేరు చదవమన్నాడు. సిస్టరు షీటును గుండెకు హత్తుకుని, సామాన్ల గది తాళాలు ఇప్పించమంది.

డాక్టరు షీటు లాక్కున్నాడు. చివరి పేజీకి జైలువాళ్ళ కాగితం కుట్టి ఉంది. కోపంలో పక్కింటివాణ్ణి చంపి ఇరవై ఒక్కేళ్ళుగా శిక్ష అనుభవిస్తున్న మనిషి. ఆ పేరు ఒకప్పుడు నెల రోజులపాటు పేపర్లలో పడింది. పైకి చదివితే వార్డంతా గుర్తుపడుతుంది. తమ్ముడనుకున్నవాడు, సిస్టరు మాట మన్నించి మామూలు చొక్కాలో వచ్చిన కాపలా పోలీసు. అందరినీ హంతకులన్న మనిషి, నిజంగా చంపినవాడి మీద మాత్రం టీలో మూడో చెంచా పంచదార వేసుకున్న నేరం ఒక్కటే మోపింది.

ఆ మనిషి డాక్టరు చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. చెవిలో మెల్లగా చెప్పాడు.

"ఆవిణ్ణి పంపించకండి. నా బతుకు మొత్తంలో నలుగురూ నవ్వుకునే నేరం చేసింది ఈ మంచం మీదే."

డాక్టరుకు సిగ్గేసింది. నిలబడి గొంతు సవరించుకున్నాడు. బుద్ధెరిగాక ఎవరినీ అనని మాట వార్డంతా వినేలా అన్నాడు.

"పంచదార దొంగ గారూ, దయచేసి నాలుక చూపించండి."

వార్డంతా గొల్లున నవ్వింది. దొంగను పట్టుకుని గారేమిటి బాబూ అంటూ సిస్టరు కళ్ళు తుడుచుకుంది.

మధ్యాహ్నం డాక్టరు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. కారణం అన్నచోట, ఫిర్యాదు చేసినవాడే నేరస్తుడు అని రాశాడు. సూపరింటెండెంటు అది చదివి, పాపం ఈయనకు మన భాష ఇంకా పూర్తిగా రాలేదనుకుని సంతకం పెట్టాడు.