నాన్న జేబులో తాలు గింజలు

ఇవాళ సాక్చి బజారులో పాత ఇనుము కొట్టు ముందు ఆకుపచ్చ రంగు నూర్పిడి యంత్రం కనిపించింది. దగ్గరికెళ్తే అదే గ్రీజు వాసన. మా నాన్న ఫిట్టరుగా చేసిన కంపెనీదే!

మన పాత పేట సిద్ధగోరా స్నేహితులూ, గుర్తుందా? ఆ యంత్రం కొంటే దాని వెంట ఫిట్టరు కూడా పొలానికి వెళ్లేవాడు. నూర్పులయ్యేదాకా ఉండి, రైతు చెప్పిన లోపాలన్నీ విని వచ్చేవాడు. మరుసటి ఏటికి ఆ లోపాలు దిద్దుకుని యంత్రం మారేది. నాన్న తిరిగొచ్చాక చొక్కా జేబుల్లోని తాలు గింజలు దులపడం నా పని.

ఆర్డర్లు పెరిగాక కంపెనీ యజమాని సేఠ్‌జీ ఫిట్టర్లను పంపడం మానేశారు. యంత్రం మారడం కూడా ఆగిపోయింది. రైతులు వేరే కంపెనీలు చూసుకున్నారు.

ఒక కోతల కాలంలో జేబులు దులిపి, "నాన్నా, ఏటీ రాల్లేదు" అన్నాను.

"పొలానికెల్తే కదా రాల్తాది! ఎల్లి సూడకపోతే మిషన్ తప్పు ఎలగ తెలుత్తాదమ్మా? ఇంక ఈ కంపెనీ నిలబడదు" అన్నాడు నాన్న.

నా పదో తరగతి కాకముందే గేటుకు తాళం పడింది.

ఇవాళ ఆ యంత్రం లోపల చెయ్యి పెట్టి చూశాను. మూలన నాలుగు తాలు గింజలు దొరికాయి. కొంగున ముడేసుకుని తెచ్చాను. ఇంకా దులపలేదు.