చివరి సీటు దాకా

మా పిన్ని పోయిందన్న కబురు నాకు బంధువుల నుంచి రాలేదు. ఆవిడ పనిచేసిన స్కూలు బస్సు డ్రైవరు ఫోన్ చేశాడు. "అక్కగారు పోయేరండి. నిద్రలోనేనండి. పొద్దున్న ట్రిప్పు అయ్యేక అందరం వస్తామండి," అన్నాడు. ట్రిప్పు మానేసి వస్తే ఆవిడ లేచి కూర్చుని మరీ తిడుతుందని ఇద్దరికీ తెలుసు. ఏడవాల్సిన చోట నవ్వొచ్చింది.

పిన్ని అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూలు బస్సులో ఆయా. పిల్లల్ని ఎక్కించడం, దింపడం, రోడ్డు దాటించడం ఆవిడ పని. అందరూ దిగాక చివరి సీటు దాకా నడిచి, ప్రతి సీటు కిందా వంగి చూసి, "ఎవరూ మిగల్లేదండీ, పోనివ్వండి!" అని కేకేసేది. అలా వంగినప్పుడే ఒకసారి సీటు కింద నిద్రపోతున్న యూకేజీ పాప దొరికింది. దీన్ని 'ఊరికే కూర్చోవడం' అనే పెద్దమనుషులున్నారు. వాళ్ళను ఒక్కపూట ఆ బస్సెక్కించి, వాంతులు చేసుకుంటున్న పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టాలని నాకు ఇప్పటికీ కోరిక.

ఆ పెద్దమనుషులే, అంటే యాజమాన్యమే, ఒక వేసవి సెలవుల తర్వాత ఆయాలు అక్కర్లేదని తేల్చింది. అద్దం ఉందిగా, డ్రైవరు చూసుకుంటాడట! రోడ్డు ఎవరు చూస్తారో మాత్రం చెప్పలేదు. అప్పటికే డ్రైవర్లు యూనియన్ పెట్టుకునే ప్రయత్నంలో ఉన్నారు. పిన్ని తిన్నగా వాళ్ళ మీటింగుకి వెళ్ళి కూర్చుంది.

"ఇది డ్రైవర్ల సంఘం అండి అక్కగారూ," అన్నాడొకాయన మొహమాటంగా.

"ఆయ్. మరి మమ్మల్ని దింపేసి మీరొక్కరే ఎంత దూరం పోతారండీ?"

అందరూ నవ్వారు. 'డ్రైవర్ల సంఘం' అక్కడికక్కడే 'స్కూలు బస్సు కార్మికుల సంఘం' అయింది. ఆయాలను తీసేస్తే బస్సులు కదలవని నోటీసిచ్చారు.

సమ్మె రోజు రానే వచ్చింది. పిన్ని బస్సు డ్రైవరు, నాకు ఫోన్ చేసినాయనే, చొక్కాకి ఎర్ర బ్యాడ్జీ పెట్టుకుని, అలవాటు కొద్దీ బస్సు తీసేశాడు! పిన్నీ అలవాటు కొద్దీ ఎక్కేసింది. నేతగాళ్ళ ఊరు బండారులంకలో సగం బస్సు నిండాక ఒక పిల్ల, "అంకుల్, ఇవాళ సమ్మె అన్నారు కదా?" అనడిగితే అప్పుడు పడింది బ్రేకు.

"కొంప మునిగిందండి అక్కగారూ! ఇక్కడే దింపేద్దామాండీ?"

"నడిరోడ్డు మీదా? ఎక్కించిన పిల్లల్ని ఇంటికి చేర్చకుండా సమ్మేంటండీ! తిప్పండి బస్సు."

ఇంటింటికీ వెళ్ళి పిల్లల్ని అప్పగించింది. ఊరికే అప్పగించలేదు. "రేపట్నించి నన్ను వద్దంటున్నారండి. మీ బుజ్జిది దిగేటప్పుడు చెయ్యి పట్టుకునేవాళ్ళు ఉండరండి," అని గుమ్మం గుమ్మానా చెప్పింది. మగ్గం మీంచి లేచొచ్చిన తల్లులు విన్నారు. మధ్యాహ్నానికి స్కూలు గేటు ముందు బ్యాడ్జీల కన్నా బిగించిన కొంగులే ఎక్కువ. "మీ కార్లో మీ మనవడి పక్కన ఎవరూ కూర్చోరాండీ?" అని ఒక తల్లి స్కూలు నడిపే కరస్పాండెంటుని నిలదీసింది. ఆయన లోపలికెళ్ళి ఆయాలను తీసేసిన ఉత్తర్వు వెనక్కి తీసుకున్నాడు. సాయంత్రానికి ఆయాలందరూ బస్సుల్లోనే ఉన్నారు.

పిల్లలతో రాజకీయాలా అని ఆ రోజుల్లో నన్ను అడిగినవాళ్ళున్నారు. పిల్లల చెయ్యి పట్టుకునే మనిషిని తీసేసి లాభం చూసుకోవడం రాజకీయం కాదా? నేను దాన్ని మహత్తర పోరాటమని ఒక పత్రికకి రాసి చూపిస్తే పిన్ని పడీ పడీ నవ్వింది. "బస్సు పొరపాట్న తీసేమని కూడా రాయరా. లేకపోతే మేమేదో పెద్ద ఎత్తు వేసేమనుకుంటారు." రాశాను. డ్రైవరు కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

మొన్న కాలవ గట్టున అంతా అయిపోయాక, తిరుగు ప్రయాణానికి అందరం ఆ బస్సే ఎక్కాం. డ్రైవరు ఇంజను వేసి, గేరు మీద చెయ్యి పెట్టి, అలాగే కూర్చున్నాడు. బస్సు కదల్లేదు. దేనికోసం ఆగాడో కాసేపటికి గానీ మాకు అర్థం కాలేదు. ఈ మధ్యే చేరిన ఆయా ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుని లేచింది. మాలో చిన్నపిల్లలెవరూ లేరు. అయినా చివరి సీటు దాకా నడిచి, ప్రతి సీటు కిందా వంగి చూసింది. అప్పుడు గట్టిగా కేకేసింది:

"పోనివ్వండి!"