మోగని నల్ల మెట్టు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఈ దీవుల్లో, మా ద్రాసా ఊళ్లో తెలుగు చదవగలిగినవాళ్లం ఏడుగురం ఉండేవాళ్లం, పోయిన నెలలో ఆరుగురమయ్యాం. నేను రాసిన ప్రతిదీ ముందుగా చదివి, ఒత్తులు దిద్ది, "ఇంత పొడుగు కావాలా?" అని అడిగే మనిషే పోయాక ఇక ఎవరి కోసం రాయడం? కానీ ఆ రోజు తెల్లవారగానే అక్క ఫోన్ చేసి, "మీ బావ పోయినాడు రా" అన్న మాట ఇంకా చెవిలోంచి పోవడం లేదు. రాస్తే పోతుందేమో చూద్దామని కూర్చున్నాను.

మా బావ చెరకు మిల్లులో ఫిట్టరు. నేను అదే మిల్లుకు చెరకు తోలిన లారీ డ్రైవర్ని. నా లారీ సంగతి మొదలుపెడితే మా సంఘం వేసే ఈ పత్రిక చాలదు గనక ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. దానికి రివర్సు గేరు పడేది కాదు. అందుకని వెనక్కి తిప్పాల్సిన ప్రతిచోటా పొలం చుట్టూ తిరిగి వచ్చేవాణ్ని. ఒక ఆదివారం బావ దాని కింద పడుకుని గేరు బాగు చేశాడు. ఆ తర్వాత నెల రోజులు కూడా నేను పొలాల చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. నాకు అక్షరాలు నేర్పింది కూడా బడి కాదు. భజన పుస్తకం మీద గ్రీజు మరక గోళ్లతో బావ ఎక్కడ వేలు పెడితే అక్కడ చదవడం నేర్చుకున్నాను.

శనివారం సాయంత్రాలు మా మండలి భజన. ఈ దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో బావ హార్మోనియం వాయించేవాడు. చాలా ఏళ్లకు దాని తిత్తి చిరిగిపోతే, లౌతోకాలో ఒక హోటల్ బ్యాండు వదిలించుకుంటున్న పెద్ద కీబోర్డు తెచ్చాడు. దాన్ని కంట్రోలర్ అంటారట. తనంతట తాను మోగదు. పక్కన శబ్దం చేసే పెట్టె ఒకటి, రెంటికీ మధ్య తీగ ఉండాలి.

"మొగుడూ పెళ్లాం లెక్కన" అని వివరించాడు బావ.

"మోగేది ఎవరు?" అంది అక్క.

బావ తీగ సరిచేసుకుంటూ ఉండిపోయాడు.

దాని బరువు ఇద్దరు మోసేది. ఒక చివర బావ, ఇంకో చివర నేను. గుమ్మం దాటేటప్పుడల్లా తప్పు నీదంటే నీదని తిట్టుకునేవాళ్లం. అలా ఎన్ని ఇళ్ల గుమ్మాలు దాటించామో.

బావకు నడుం ఆపరేషన్ అయ్యాక చిక్కు వచ్చిపడింది. పాత పెట్టె గరగరమంటోంది. సువాలో ఒక దుకాణానికి తేలికపాటి స్టేజి కీబోర్డు వచ్చిందని తెలిసింది. శబ్దం దాని లోపలే ఉంటుంది, ఒక చేత్తో ఎత్తొచ్చు. కొత్తది కొనాలో, పాతదే బాగు చేయించాలో బావ తేల్చి చెబితే సంఘం ఆ పని చేస్తుంది. రామనవమి లోపల తేలాలి. అది మాత్రం తేలలేదు. అందులో నా పాపం కొంత ఉంది.

"కొత్తదే తెచ్చుకుంటాం రా" అనేవాడు బావ, కొబ్బరి చిప్పలో యంగోనా వేరు కషాయం గుటుక్కున తాగి.

"దాని మెట్లు ప్లాస్టిక్కు బావా. వేలు పెడితే తేలిపోతాయి."

"సరే, పాతదే బాగు చేయిస్తాం."

"ఎవడు మోస్తాడు? నీ నడుం చూసుకున్నావా?"

"అరే, కాహే మాట మారుస్తావు? ఇప్పుడేగా పాతదన్నావు."

"నువ్వు ఒప్పుకున్నావు గనక."

బావా బావమరుదులం, అది మా అలవాటు. ఇలా ఎన్ని శనివారాలు గడిచాయో. ఒకటి మాత్రం నాకు అంతుపట్టేది కాదు. ఊళ్లో నీటి పంపులన్నీ బాగు చేసిన మనిషి ఆ కంట్రోలర్ మీద మాత్రం స్క్రూడ్రైవర్ పెట్టేవాడు కాదు. ఒకసారి అడిగేశాను.

"ముట్టుకుంటే బాగైపోతుంది రా" అన్నాడు.

హాస్యమనుకుని నవ్వాను. తనూ నవ్వాడు.

పదమూడో రోజు దాటాక మండలి వాళ్లు నన్ను చుట్టుముట్టారు. బావ చివరికి ఏమన్నాడు? ఆయన మాట ప్రకారమే చేస్తామన్నారు. నేనేం చెప్పను? కొత్తదన్నాడు, పాతదన్నాడు. రెండూ ఆయన మాటలే.

"నువ్వు ఆయన్ని ఒక్కసారి తిన్నగా మాట్లాడనిచ్చుంటే చెప్పేవాడేమో" అంది అక్క. కోపంగా అనలేదు. అందుకే మనసులో గుచ్చుకుంది.

ఇక వాయించాల్సింది అక్కావాళ్ల కోడలు. బావే నేర్పాడు. పాతదాని ముందు కూర్చుని నన్ను పిలిచింది.

"మామయ్యా, ఈ నల్ల మెట్టు మోగదు. మీకు తెలుసు కదా?"

"ఎప్పట్నుంచి?"

"నేను ఈ ఇంటికి రాకముందు నుంచీనంట."

హారతి పాటలో రాగం పైకెక్కే చోట ఆ మెట్టు రావాలట. బావ అక్కడ వేలు పైకెత్తి ఊపిరి తీసుకునేవాడు. ఆయన్ని చూసి మండలి మొత్తం అక్కడ ఆగి ఊపిరి తీసుకుంటుంది. మా పిల్లలూ అలాగే నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలూ అంతే. ఆ ఆగడం భక్తి అనుకుని ఇన్నేళ్లూ నేను కళ్లు మూసుకుని తల ఊపాను.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"అందరూ తప్పు పాడుతున్నారని ఎలా చెప్పేది అనేవారు మామగారు."

కొత్తది కొన్నా ఆ స్వరం మోగుతుంది, పాతది బాగు చేయించినా మోగుతుంది. అందుకనే తేల్చలేదా? లేక నా నోటికి జడిసి తేల్చలేదా? ఎంత ఆలోచించినా ఒకరోజు ఇది నిజమనిపిస్తుంది, ఇంకోరోజు అది. అడుగుదామంటే మనిషి లేడు. చివరికి కొత్తదే తెమ్మని చెప్పాను. చెప్పేసి, ఎవరైనా కాదంటారేమోనని కాసేపు ఆగాను. అందరూ సరేనన్నారు.

రామనవమి నాడు కోడలు దాన్ని ఒక చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది. రెండో చివర పట్టుకుందామని నేను లేచి, మళ్లీ కూర్చున్నాను. హారతి పాటలో ఆ చోటికి రాగానే అందరం ఆగి ఊపిరి తీసుకున్నాం. ఏమీ మోగలేదు. ప్రసాదం అయ్యాక కీబోర్డు మీద గుడ్డ కప్పడానికి వెళ్లాను. నడిమధ్య అదే నల్ల మెట్టు మీద, వేలు పడకూడదని గుర్తుగా, చిన్న తెల్ల టేపు ముక్క అంటించి ఉంది. గుడ్డ కప్పేశాను.