తొట్టెల గదిలో చలిగాలి

మా ఇల్లు వికారాబాదులో, మా ఆయన రాళ్ల పాలిష్ మిల్లు తాండూరులో. అందుకని మా ఇంట్లో ఏ రోగానికైనా తాండూరు రాయే మందు. నేల రాయి, వంటగట్టు రాయి, స్నానాల గది గోడలు రాయి, ఆఖరికి తులసి గద్దె కూడా రాయే. చలికాలం పొద్దున్నే ఆ ఇంట్లో కాలు కింద పెట్టాలంటే గుండె ధైర్యం కావాలి.

మొన్న డిసెంబరులో మా అమ్మాయి తొలి కాన్పయి మా దగ్గరే ఉంది. మనవరాలికి నెలన్నర. ఉగాది దాకా ఉంచుకుందామని ఎంత ఆశ పెట్టుకున్నానో! అంతలో పసిదానికి ముక్కు దిబ్బడ పట్టింది. పాలు తాగలేక ఒకటే ఏడుపు. తాండూరులో ఉండే మా వియ్యపురాలు ఫోన్లో ఆ ఏడుపు విన్నది.

"వదినె, మీ ఇల్లు మస్తు సల్లగున్నట్టుంది. పై ఆదివారం వచ్చి ఇద్దర్ని తోల్కపోతం" అంది. నా ప్రాణం ఉసూరుమంది.

గదిలో ఎక్కడినుంచో సన్నటి గాలి వస్తున్న మాట నిజం. కిటికీ మూల నుంచి గోడ మీద ఏటవాలుగా ఒక పగులుంది. దొంగ దొరికాడనుకున్నాం. మేస్త్రిని పిలిపిస్తే, పగులుకు అడ్డంగా ఒక గాజుముక్కను సిమెంటుతో అతికించిపోయాడు. గోడ కదులుతుంటే గాజు పగులుతుందట. నాలుగు రోజులైనా గాజు చెక్కుచెదరలేదు.

"గిది పైపూత పర్రె అమ్మా. గోడ గట్టిగనే ఉంది. గిండ్లకెల్లి గాలి రాదు. ఇంకేడనో సందున్నది, సూస్కోండ్రి" అన్నాడు మళ్లీ వచ్చి చూసిన మేస్త్రి.

"ఇంకేడుంటది? నీకు కండ్లు కనవడ్తలేవా?" అని ఇంతెత్తున లేచాను. పాపం, తాపీ సర్దుకున్నాడు.

తప్పు గోడదే అంటే మా ఆయనకు కావలసిందీ అదే. మర్నాడే మిల్లు నుంచి పలకలు దిగాయి. తల్లీబిడ్డలను హాల్లోకి మార్చి, ఆ గోడనంతా రాయితో కప్పించాడు. తల్లీబిడ్డలు తిరిగి వచ్చేసరికి గది ఇంకింత చల్లబడింది. దిబ్బడ అట్లాగే ఉంది.

"రాయి సెట్ గావాలె. జర ఓపిక వట్టు" అన్నాడు. మీ రాయి పాడుగాను అన్నాను, పైకే.

మర్నాడు పసిదానికి నీళ్లు పోసి, నిప్పుల మీద ఊదు వేసి పొగ పట్టాను. రోజూ హాల్లో చేసే పని, ఆ రోజు గదిలో చేశాను. నిటారుగా లేవాల్సిన పొగ తొట్టెల మీదికి వాలిపోతోంది. గాలి రాతిగోడ నుంచి కాదు, ఎదురుగా ఉన్న బీరువా వైపు నుంచి వస్తోంది. బీరువా వెనక్కి చెయ్యి పోనిచ్చాను. వేళ్లు జివ్వుమన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద ఆ గదిలో నా టీవీకి డిష్ వైరు లాగినతను గోడకు బొటనవేలు పట్టేంత రంధ్రం చేశాడు. "సిమెంట్ వెట్టి పోత అమ్మా" అంటే, "సీరియల్ షురువైతుంది, పో నాయనా, మేమే పెట్టుకుంటం" అని తోలేసింది నేనే. తర్వాత టీవీ హాల్లోకి పోయింది, వైరూ పోయింది. ఆ రంధ్రం కనపడకుండా బీరువా జరిపించిందీ నేనే. వారం రోజులుగా మొగుణ్ని, మేస్త్రిని దులిపేసిన మహాతల్లిని! సిగ్గుతో చచ్చిపోయాను. గబగబా ఒక పాత చీర ముక్క తెచ్చి రంధ్రంలో కుక్కాను. మంచం మీద నుంచి మా అమ్మాయి అంతా చూస్తూనే ఉంది.

ఆదివారం వియ్యపురాలు వచ్చేసరికి మనవరాలు హాయిగా ముక్కుతో ఊపిరి తీస్తూ నిద్రపోతోంది. ఆమె గది నాలుగు మూలలా చెయ్యి పెట్టి చూసింది.

"గది మంచిగ జేపిచ్చిండ్రు అన్నా. ఉగాది దాక ఈడనే ఉండనియ్యుండ్రి" అంది మా ఆయనతో.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన ఛాతీ విరుచుకుని నా వైపు తిరిగాడు.

"నేను జెప్పలే? రాయి సెట్ అయినంక గాలి యాడికెల్లి వస్తది?"

మా అమ్మాయి పొత్తిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఎన్నడూ అనని మాట, మనవరాలి కోసం అన్నాను.

"మీ రాయికి తిరుగులేదు."