ఏడు కిలోల్లో జిప్పు

మా కౌల్ బజారులో కుక్కను విమానం ఎక్కించిన మొదటి మనిషి సిద్దక్క. రెండో మనిషి ఉండబోరు. ఎందుకంటే టికెట్లు బుక్ చేసే షాపు నాది. మళ్ళీ ఎవరైనా కుక్క ఫోటో పట్టుకుని వస్తే షట్టరు దించేస్తాను.

సిద్దక్క మా షాపు ఎదురుగా ఉన్న జీన్స్ యూనిట్‌లో టైలరు. యాభై ఆరేళ్ళు. పదహారేళ్ళప్పుడు మిషను ముందు కూర్చుంది, ఇంతవరకు లేవలేదు. ఆమె కుట్టిన ప్యాంటుకు గుడ్డ పోతుంది గాని కుట్టు పోదు. రెండు కుట్లు చాలన్న చోట మూడు వేస్తుంది, జేబు మూలలకు రాగి రివిట్లు కొడుతుంది, అప్పటికీ నమ్మకం కుదరక ఇంకో కుట్టు లాగుతుంది. ఇంత గట్టిగా కుడితే జనం మళ్ళీ ప్యాంటు ఎందుకు కొంటారని ఓనరు నెత్తి కొట్టుకునేవాడు.

ఆమె భర్త నింగప్ప గనుల లారీ తోలేవాడు. తొమ్మిదేళ్ళ కిందట జ్వరమని పడుకుని మరి లేవలేదు. పిల్లల్లేరు. ఆ తర్వాత మూడు నెలలు సిద్దక్క టిఫిన్ డబ్బా ఎట్లా తెచ్చేదో అట్లాగే మూత తీయకుండా తీసుకుపోయేది. అప్పుడే ఒకరోజు, పాడైన జిప్పులు పడేసే గోనెసంచిలో పిడికెడంత కుక్కపిల్ల దొరికింది. తల్లి పామరేనియన్ అంటారు. తండ్రి ఎవరో వీధిలో ఏ కుక్కా ఒప్పుకోలేదు. దానికి జిప్పు అని పేరు పెట్టారు. ఆ రోజు నుంచి సిద్దక్కది ఒకటే పద్ధతి. ముందు జిప్పుకు కంచం పెడుతుంది, అది మూతి పెట్టాక తాను ముద్ద ఎత్తుతుంది. నలభై మిషన్లు ఒక్కసారి మోగుతున్నా ఆ కుక్క ఆమె కాళ్ళ దగ్గర గుర్రు పెట్టి నిద్రపోతుంది. కరెంటు పోయి చప్పుడు ఆగిందా, ఉలిక్కిపడి లేచి ఏడుస్తుంది.

నాకు కుక్కలంటే భయం. బయటకు మాత్రం శుభ్రత అని చెప్పుకుంటాను. ఈ జిప్పు నన్ను ఒకసారి కరిచింది కూడా. నాలుగేళ్ళ కిందట సిద్దక్క మూడు రోజులు మంత్రాలయం పోయింది. దాన్ని పక్కింటి భీమక్కకు అప్పగించింది. తిరిగొచ్చాక, తాను లేకపోతే జిప్పు మెతుకు ముట్టలేదని వీధంతా చెప్పుకుని ఏడ్చింది. భీమక్క పెట్టిన అన్నం అది ముట్టని మాట నిజమే. ఎందుకు ముడుతుంది? పొద్దున రెండు, సాయంత్రం రెండు చొప్పున ఎగ్ పఫ్‌లు నా షాపులో లాగించింది గదా! మూడో రోజు సగం పఫ్ వెనక్కి లాక్కున్నానని నా వేలు పట్టుకుంది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కుక్కకు పఫ్‌లు కొనిపెట్టానని తెలిస్తే నా శుభ్రత ఏమైపోవాలి?

పోయిన ఏడాది భువనేశ్వర్‌లో ఎవరో కొత్తగా జీన్స్ ఫ్యాక్టరీ పెట్టారు. ఆడవాళ్ళకు కుట్టు నేర్పడానికి ఆరు నెలలు రమ్మని సిద్దక్కను పిలిచారు. విమానం టికెట్టు వాళ్ళదే. నలభై ఏళ్ళలో ఆమెను ‘మేడం, నేర్పండి’ అని అడిగినవాళ్ళు లేరు. ఫోను పెట్టేసి నేరుగా నా షాపుకు వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

“ఆడ మన మాట ఎవరికీ రాదక్కా, ఎట్ల నేర్పుతావు?” అన్నాను.

“సూదికి మాటెందుకప్పా? నువ్వు జిప్పుకు టికెట్ చూడు. అది రాకపోతే నేనూ పోను. నేను లేకపోతే అది తినదు, నీకు తెల్దా?”

నాకు తెలుసు. నోరు మూసుకుని కంప్యూటరు తెరిచాను.

కుక్కను లోపలికి రానిచ్చే విమానం ఒకటి దొరికింది. రూలు మాత్రం గట్టిది. కుక్కా సంచీ కలిపి ఏడు కిలోలు దాటకూడదు. సంచి మెత్తగా ఉండాలి, గాలి ఆడాలి, ముందు సీటు కింద పట్టాలి. దిగేదాకా కుక్క తల బయటకు రాకూడదు. టీకాల కాగితం, డాక్టరు సర్టిఫికెట్టు వేరే.

జిప్పు బరువు ఐదు కిలోల వంద. బజారులో నైలాన్ సంచులు దొరుకుతాయి, అరకిలో కూడా ఉండవు. ఒకటి తెప్పించి చూపిస్తే సిద్దక్క దాని కుట్టును వేలితో లాగింది. పర్రుమని ఊడింది.

“థూ! దీంట్లో నా బిడ్డను పెట్టాల్నా? నేను కుడతా.”

కుట్టింది. వారం రోజులు కుట్టింది. ప్యాంటుకు వేసే దళసరి జీన్స్ గుడ్డ రెండు పొరలు, ఇత్తడి జిప్పు, ఇరవై నాలుగు రివిట్లు, మందుకో జేబు, నీళ్ళకో జేబు. అడుగున పాత జీన్స్ ముక్కలు కుక్కి కుట్టిన పరుపు. ఆ సంచిలో కుక్కను కాదు, ఎనుమును పెట్టి మోయొచ్చు. మిరపకాయల మండీలో కాటా మీద పెడితే ఘాటుకు జిప్పు తుమ్మిన ప్రతిసారీ అంకె ఎగిరింది. తుమ్ములు ఆగాక చూస్తే ఎనిమిది కిలోలు!

తూకం తగ్గించే బాధ్యత నా నెత్తిన పడింది. తెలివితేటలన్నీ బయటకు తీశాను.

“పది దినాలు దానికి సగం కడుపే పెట్టక్కా.”

“నీ పెండ్లాం తూకం ఎక్కువైందని అన్నం ఆపుతావా?”

మా ఆవిడ షాపులోనే ఉంది. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

ఇంకొకటి చెప్పాను. నిద్రమాత్ర వేస్తే గొడవ చేయదు, శాలువా కప్పి ఎత్తుకుని పోవచ్చని. దానికి పశువుల డాక్టరు నన్ను కొట్టడానికి లేచాడు. “గాల్లో ఉన్నప్పుడు దానికి ఊపిరాడకపోతే నువ్వు ఊదుతావేంది?” అన్నాడు. ఈమెకు మనసు బాగాలేదు, కుక్క లేకుంటే ఉండలేదు అని మనుషుల డాక్టరు దగ్గర చీటీ రాయించుకుని తూకం తప్పించుకునేవాళ్ళు ఉన్నారట, అదీ చెప్పాను.

“అబద్ధం రాయించుకోని పోయి అబద్ధం కుట్టు నేర్పాల్నా? నోరు మూసుకోని సుమ్నే ఉండప్పా,” అంది సిద్దక్క.

నాకు రోషం వచ్చింది. “సరే, అన్నీ నిజాలే చేస్తావు గదా. పక్క సీట్లో నాలాంటోడు కూచుంటే? ఆయప్పా దుడ్డిచ్చే ఎక్కినాడు. నీ కుక్క నీకు ముద్దని ఆయప్ప రెండు గంటలు గుండె చేత్తో పట్టుకోని కూచోవాల్నా?”

ఆమె సంచి కుట్టు తడుముతూ కూర్చుంది. నోరు మూయించానని మీసం దువ్వుకున్నాను. కాసేపటికి చెప్పింది. “ముందే చెప్తా. భయమంటే నేనే లేసి ఇంకో సీటుకు పోతా. ఆయప్పను లేపను.”

మిగిలింది సంచి. ఆ రోజు మధ్యాహ్నం సిద్దక్క తన కుట్లు తానే విప్పడం చూశాను. రివిట్లు పీకింది. లోపలి పొర చింపింది. పక్కలకు దోమతెర గుడ్డ వేసింది. ఒక్కొక్క దారం తెంపుతుంటే మొహం మాడిపోయింది. “నలభై ఏండ్లలో నా కుట్టు నేనే విప్పేది ఇదే మొదులు,” అంది. పరుపు మాత్రం తీయనివ్వలేదు. మళ్ళీ తూచితే ఆరు కిలోల ఎనిమిది వందలు. రెండు వందల గ్రాములు మిగులు! ఇద్దరం మండీలోనే చప్పట్లు కొట్టుకున్నాం.

ప్రయాణం రోజు తెల్లారగానే నా కారులోనే బెంగళూరు బయలుదేరాం. సాయంత్రం విమానం. హిరియూరులో టీకి ఆగాం. ఎయిర్‌పోర్టులో నాకు టికెట్ లేదు కాబట్టి గేటు బయట నిలబడ్డాను. సంచి భుజానికి తగిలించుకుని, తల పైకెత్తి లోపలికి పోయింది సిద్దక్క. పీడ వదిలిందనుకుంటూ అరగంట గడిపానో లేదో, అదే సంచితో వెనక్కి వచ్చింది. వెంట యూనిఫాం వేసుకున్న అమ్మాయి. ఛాతీ మీద శ్రుతి అని పేరుంది.

“ఏడు కిలోల మూడు వందలు సార్. ఆగల్ల, కుదరదు,” అంది ఆ అమ్మాయి. “నలభై నిమిషాల్లో కౌంటర్ మూస్తారు. తూకమన్నా తగ్గాలి, కుక్కన్నా ఇక్కడ ఉండాలి.”

మండీలో లేని అరకిలో ఎక్కడ నుంచి వచ్చింది? ముందు నీళ్ళు వదిలిద్దామని జిప్పును గడ్డి మీదికి తీసుకుపోయాను. కుక్కంటే హడలిపోయే నేను, కుక్క ముందు వంగి, ‘కానీయవయ్యా, కానీయి తండ్రీ’ అని బతిమాలాను. అది గడ్డి చూసింది, చెట్టు చూసింది, చివరికి నా బూటు మీద కాలెత్తింది. శ్రుతి సంచితో పాటు తీసుకుపోయి తూచి వచ్చింది. ఏడు కిలోల రెండు వందలు.

సిద్దక్క నన్నే చూస్తోంది. “హిరియూరులో నేను పెరుగన్నం పెట్టినా, ఆకలంటాదని. అది పావుకిలో. మిగిలిన పావుకిలో యాడిదప్పా?”

నేను ఆకాశం చూశాను. విమానం ఒకటి పోతోంది.

ఆమె జిప్పును ఎత్తుకుని మూతి వాసన చూసింది. “పఫ్,” అంది. “ఎన్ని?”

“రెండు,” అన్నాను. ఆరు నెలలు కనపడదు గదా అని, టీకి ఆగిన చోట ఆమె మొహం కడుక్కోను పోయినప్పుడు పెట్టాను. ఏం చేసేది? పాపం కుక్క!

ఇక దాచి లాభం లేదు. ఉన్నదంతా కక్కేశాను. “అక్కా, నీకో మాట చెప్పాల. నువ్వు మంత్రాలయం పోయినప్పుడు అది పస్తుండలేదు. మూడు దినాలూ నా షాపులోనే తిన్నెది. దీన్ని నాకిడిసిపెట్టు. నేను చూసుకుంటా. అది బాగా తింటాది. నువ్వు పో, పోయి నేర్పు.”

కుక్కలంటే భయపడే నేను ఆ మాట అన్నాను. నా నోరేనా అని నాకే అనుమానం వచ్చింది.

సిద్దక్కకు కోపం రాలేదు. “తింటాదని నాకు తెల్దా? ఆ పొద్దు నేను వచ్చి ఎత్తుకున్నప్పుడూ దాని మూతికి ఇదే వాసన,” అంది. జిప్పు తల నిమిరింది. “అది తినదని చెప్తే ఊరు ఒప్పుకుంటాది. ముసల్ది తినదని చెప్తే నగుతారు. తిననిది నేనప్పా. మా ఆయప్ప పోయినాక, ఎదురుగా ఇది మూతి పెట్టకపోతే నాకు ముద్ద దిగదు.”

శ్రుతి గడియారం చూసుకుని తల పక్కకు తిప్పుకుంది.

సిద్దక్క ఫుట్‌పాత్ మీద చతికిలబడి సంచిని తిరగేసింది. కత్తెర ఉన్న పెద్ద పెట్టెను అప్పటికే కౌంటర్‌లో ఇచ్చేసింది. పరుపు కుట్టును పంటితో పట్టి కొరికింది. మూడు వరుసల కుట్టు, ఆమె కుట్టు, అంత సులభంగా ఊడుతుందా? పెదవి తెగింది, రక్తం వచ్చింది, వదల్లేదు. పరుపు ఊడి రాగానే నా చేతుల్లో పడేసింది. తూచితే ఆరు కిలోల తొమ్మిది వందలు. ఒక్క పొర గుడ్డ మీద పడుకున్న జిప్పుతో, వెనక్కి చూడకుండా పోయింది.

ఇంటికి వచ్చి పడ్డాక ఫోను వచ్చింది. పక్క సీటాయనకు కుక్కంటే భయమట, ఈమే లేచి చివరి వరసకు పోయిందట.

“మిషన్ల సద్దు మాదిరే ఉండాదప్పా విమానం. దిగేదాకా నిద్రపోయింది. ఇంజను ఆపితే లేసి ఒకటే ఏడుపు.”

“ఇప్పుడు తిన్నెదా?”

“అన్నం పెడితే మూతి పెట్టి తిప్పుకునె. పఫ్ అడుగుతాంది, అంతా నీ పుణ్యం.”

“నువ్వు?”

అవతల నమిలే చప్పుడు. నోట్లో ముద్ద ఉన్నట్టుంది.

“తింటాండా,” అంది.